ఆంబ్రోజ్ డెవరూ వీలునామాలో హైఫన్

డింప్నా క్వేడ్ తండ్రి పొట్టివాడు. కిల్‌డేర్ పల్లెల్లో తిరిగి పందిపిల్లల్ని కొని, మేపుకునేవాళ్లకు అమ్మేవాడు. ఈ రెండు సంగతులూ కలిపితే ఒక మంచి పాఠం అవుతుందని కిల్‌బ్రాకన్ మఠంలో టైపు నేర్పే సిస్టర్ బెనిగ్నస్‌కి తట్టింది. ఒకనాడు ఆవిడ నల్లబల్ల మీద 'స్మాల్ పిగ్ బయ్యర్' అని రాసి వెనక్కి తిరిగింది.

"అమ్మాయిలూ, ఇందులో పొట్టి ఎవరు? పందా, డింప్నా వాళ్ల నాన్నా?"

ఇరవై ఇద్దరు ఆడపిల్లలు పగలబడి నవ్వారు. పద్నాలుగేళ్ల డింప్నా మెడ దాకా ఎర్రబడింది.

"లే డింప్నా, వచ్చి మీ నాన్న పరువు కాపాడు. ఒక్క హైఫన్ పెడితే చాలు, ఆయన పొట్టితనం వెళ్లి పందికి అంటుకుంటుంది."

డింప్నా సుద్దముక్క అందుకుని, కంగారులో, రెండో మాటకీ మూడో మాటకీ మధ్య గీత గీసింది.

"చూశారా! పందినీ, కొనేవాణ్ణీ కలిపి కట్టేసింది. 'స్మాల్'ని విడిగా వదిలేసింది. అంటే ఆ పందుల బేరగాడు పొట్టివాడేనని కూతురే ఒప్పుకుంది. నిజం చెప్పినందుకు కొట్టకూడదు కానీ, ఇంగ్లీషు చెడగొట్టినందుకు కొట్టాలి. చెయ్యి చాపు."

సిస్టర్ స్కేలుని పడుకోబెట్టి కొట్టేది కాదు, నిలబెట్టి అంచుతో కొట్టేది. వేళ్ల కణుపుల మీద. కొట్టిన వెంటనే అదే చేతుల్తో టైపు చెయ్యమనేది. ఆ ఏడాది గడిచేసరికి డింప్నాకి హైఫన్ సంగతి వేళ్లకే తెలిసిపోయింది, ఆలోచించవలసిన పని లేకుండా. రెండు మాటలు జతకట్టి ఒకే మాటలా ముందుకొచ్చి తమ తర్వాత వచ్చే నామవాచకాన్ని వర్ణిస్తే వాటిని కట్టాలి. అవే ఆ నామవాచకాన్ని దాటిపోయి వాక్యం చివర కూర్చుంటే విప్పెయ్యాలి. మాటలు మూడైతే ఎక్కడ కట్టామన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది. జిల్లా పరీక్షలో ఆమెకే మొదటి స్థానం వచ్చింది. సిస్టర్ బెనిగ్నస్ యోగ్యతాపత్రం చేతికిస్తూ, "మీ నాన్నని మించి ఎదిగావు. అదేం గొప్ప కాదనుకో," అంది.

పంతొమ్మిదో ఏట డింప్నా లాయరు లాంబర్ట్ కాన్సిడైన్ ఆఫీసులో టైపిస్టుగా చేరింది. కాన్సిడైన్ పెద్దమనిషి, వేట కుక్కలున్నవాడు, కాగితం చేతికివ్వకుండా బల్ల అంచుకి విసిరేవాడు, కింద పడితే ఆమే వంగి తీసుకోవాలి. పదకొండేళ్లు వంగింది. పెళ్లి కాలేదు. అడిగినవాడూ లేడు. ఊళ్లో ఆమెని హైఫన్ మిస్ అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది కాన్సిడైనే. క్లయింట్ల ముందు ఆమెని చూపించి, "మామూలు హైఫన్‌కి అటొక మాట, ఇటొక మాట ఉంటాయి. మా మిస్ క్వేడ్‌కి అటూ ఎవరూ లేరు, ఇటూ ఎవరూ లేరు," అని నవ్వించేవాడు. ఆమె కూడా నవ్వేది. కానీ ఆ జిల్లాలో ఏ ఆఫీసు నుంచి వెళ్లిన ఉత్తరంలోనైనా తప్పు పట్టవచ్చు, ఈ ఆఫీసు నుంచి వెళ్లినదాంట్లో పట్టలేరన్న సంగతి ఆమెకి తెలుసు. ఆమెకున్నది అదొక్కటే. దాన్ని ఒంటరిగా ఉన్నప్పుడు కొంచెం ఎక్కువగానే తలుచుకునేది.

1954 ఏప్రిల్‌లో ఆంబ్రోజ్ డెవరూ వీలునామా రాయించడానికి వచ్చాడు. గుర్రాల పెంపకందారు, డెబ్బై ఆరేళ్లు, గుండె జబ్బు. ఆయన చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది హానా బ్రోఫీ. ఆ ఇంట్లో ఇరవై రెండేళ్లుగా వంటా, చాకిరీ, చివరి నాలుగేళ్లుగా ఆయన మలమూత్రాలు ఎత్తడమూ అన్నీ ఆవిడే. లోపల మాటలు జరుగుతుంటే హానా డింప్నా బల్ల పక్కన కూర్చుని, మిషను వైపు కాసేపు చూసింది.

"పొద్దస్తమానం ఇలా టకటకా పొడవడమేనా పిల్లా? మా కోళ్లు నయం, ఇంత పొడిచాక ఒక గుడ్డయినా పెడతాయి."

డింప్నా ఆ మాట మర్చిపోలేదు.

వీలునామాలో చెప్పుకోదగ్గది ఒకే వాక్యం. ఇల్లూ, పొలమూ, మిగతా గుర్రాలూ అన్న కొడుకు ఫిన్‌బార్‌కి. 'మై టూ ఇయర్ ఓల్డ్ కోల్ట్స్' హానా బ్రోఫీకి. ఆ లాయంలో రెండేళ్ల కోల్ట్స్, అంటే మగ గుర్రప్పిల్లలు, అయిదున్నాయి. అన్నీ పందేలకు తయారైనవే. ఒకటి అప్పటికే గెలిచింది. ఏడాది మగపిల్లలు కూడా రెండున్నాయి. వాటిలో ఒకదానికి ముందు కాళ్లు వంకర. ముసలాయన మనసులో ఉన్నవి ఆ అయిదు. "రెండేళ్లవి, అయిదూ ఆవిడకే. అవి అమ్ముకుంటే ఇల్లు కొనుక్కుని కాలు మీద కాలేసుకు బతుకుతుంది," అన్నాడు, తలుపు తెరిచే ఉంది, డింప్నా వింది.

ఆమె టైపు చేసింది. 'టూ'కీ 'ఇయర్'కీ మధ్య ఒక హైఫన్, 'ఇయర్'కీ 'ఓల్డ్'కీ మధ్య ఇంకొకటి. మూడు మాటలూ ఒకే కట్టు. రెండేళ్ల పిల్లలు, ఎన్నుంటే అన్నీ. కాన్సిడైన్ చూసి పెన్సిలుతో రెండు గీతల్నీ కొట్టేశాడు. దస్తావేజులో కామా గాని, చుక్క గాని, గీత గాని ఉండకూడదని పాత లాయర్లకు ఒక పట్టుదల.

"సర్, హైఫన్లు లేకపోతే ఈ మాటకి రెండర్థాలొస్తాయి," అంది డింప్నా. "రెండేళ్ల పిల్లలనీ అనుకోవచ్చు, ఏడాది పిల్లలు రెండనీ అనుకోవచ్చు."

"నీకు జీతం వేళ్లకిస్తున్నానా, నోటికిస్తున్నానా?"

కాగితం బల్ల అంచు దాటి కింద పడింది. వంగి తీసుకుంది. గీతలు లేకుండా మళ్లీ కొట్టి, పాతది చించి బుట్టలో వేసింది. ముసలాయన కళ్లద్దాలు తెచ్చుకోలేదు కాబట్టి ఆమే చదివి వినిపించింది. చదివితే హైఫన్ వినపడదు. ఆయన తృప్తిగా తలూపి సంతకం పెట్టాడు. పక్క మందుల షాపాయనా, బ్యాంకు జవానూ సాక్షి సంతకాలు చేశారు గాని, కాగితం చదవలేదు.

మే నెలలో ఆంబ్రోజ్ డెవరూ లాయంలోనే కుప్పకూలి పోయాడు.

అంత్యక్రియలైన మూడో రోజు ఫిన్‌బార్ డబ్లిన్ నుంచి కారు వేసుకుని కాన్సిడైన్ ఆఫీసుకి వచ్చాడు. తలుపు మూసి గంటసేపు మాట్లాడుకున్నారు. తర్వాత డింప్నాని పిలిచారు. బల్ల మీద వీలునామా ఉంది, అసలుదీ, ఆఫీసు నకలూ. ఇంట్లో ఉండాల్సిన నకలు ఆ పొద్దున్నే పొయ్యిలోకి పోయిందని ఫిన్‌బార్ నవ్వుతూ చెప్పాడు.

"కూర్చో మిస్ క్వేడ్," అన్నాడు కాన్సిడైన్. పదకొండేళ్లలో ఆయన ఆమెని కూర్చోమనడం అదే మొదలు. "ఏప్రిల్లో నువ్వొక మాట చెప్పావు. నేను వినలేదు. నువ్వు చెప్పిందే రైటు. ఈ వాక్యానికి హైఫన్ ఉండాల్సింది."

డింప్నా మనసు ఒక్క క్షణం పొంగింది. "రెండుండాలి సర్."

"ఒకటి చాలు."

ఏ ఒకటో ఆమెకి వెంటనే అర్థమైంది. 'ఇయర్'నీ 'ఓల్డ్'నీ కట్టేసి 'టూ'ని బయట నిలబెడితే, ఏడాది వయసు గుర్రప్పిల్లలు, రెండు. నల్లబల్ల ముందు తను చేసిన తప్పే ఇప్పుడు చెయ్యమంటున్నారు.

"టైపు మిషనులో మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఎంతుంటుందో, హైఫనూ సరిగ్గా అంతే ఉంటుంది కదా?" అన్నాడు కాన్సిడైన్. "చెరపక్కర్లేదు, దిద్దక్కర్లేదు. అదే మిషను, అదే రిబ్బను, అదే చెయ్యి."

"ఇది... ఆయన చెప్పింది ఇది కాదు సర్. మీరూ విన్నారు."

"నేను విన్నదేమిటో నేను కోర్టులో చెబుతాను. నువ్వు విన్నదేమిటో నీకు గుర్తుందో లేదో చూసుకో. ముప్పై ఏళ్ల దానివి, పందుల బేరగాడి కూతురివి, మొహం చూసి ఉద్యోగమిచ్చేవాడు ఈ జిల్లాలో లేడు. బయటికి పంపిస్తే నా చేత్తో ఒక్క ముక్క రాసివ్వను. అప్పుడెక్కడ పెడతావు నీ హైఫన్లు?"

ఫిన్‌బార్ సిగరెట్ వెలిగించుకుంటూ, "ఆ వంటమనిషికి అయిదు పందెపు గుర్రాలేమిటి, నవ్వుతారు జనం. దానికి చదువే రాదు," అన్నాడు.

డింప్నా కాగితాలు తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్లింది. కాగితాన్ని మిషనులోకి ఎక్కించి, అక్షరాల వరుస వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరేదాకా జరిపింది. కోడిపెట్టల మాట గుర్తొచ్చింది. అదే కారణమని తర్వాత తనకి తాను చాలాసార్లు చెప్పుకుంది గాని, అది నిజం కాదు. వేలు ఒక్కసారి పడింది. తర్వాత నకలు మీద ఇంకొకసారి. చూసుకుంటే పని ఎంత శుభ్రంగా కుదిరిందంటే, ఆమెకి లోలోపల ముచ్చటేసింది.

హానా తరఫున టైరెల్ అని ఒక కుర్ర బారిస్టరు ఊరికే వాదించడానికి ఒప్పుకున్నాడు. నవంబరులో కేసు విచారణకొచ్చింది. వర్షం పడుతున్నా కోర్టు నిండిపోయింది. గుర్రాల ఊళ్లో గుర్రాల తగాదా మరి. ముందు హానాని బోనెక్కించారు. "అయ్యగారు నాతో అన్నారు, హానా, ఆ అయిదూ నీవే అని," అందావిడ. ఫిన్‌బార్ బారిస్టరు స్కలీ లేచి, గౌను సర్దుకుని, చాలా మర్యాదగా అడిగాడు:

"అయిదు పందెపు గుర్రాలు! వంట అంత బాగా చేస్తారా అమ్మా మీరు?"

"బాగానే చేస్తానయ్యా."

"నా భార్య కూడా బాగానే చేస్తుంది. నేనెప్పుడూ గాడిదైనా ఇవ్వలేదు. ముసలాయనకి ఇంకేం సేవలు చేసేవారో కాస్త కోర్టువారికి చెబుతారా?"

"ఒళ్లు తుడిచేదాన్ని. పక్కగుడ్డలు..."

అంతే. ఆవిడ పూర్తి చేసేలోపే కోర్టంతా ఘొల్లుమంది. హానా ఎందుకు నవ్వుతున్నారో తెలియక అందరి మొహాలూ చూసింది. తెలిశాక తల దించుకుంది.

కాన్సిడైన్ తన వంతుకి వచ్చి, చెప్పవలసిన అబద్ధం గడ్డం నిమురుకుంటూ చెప్పాడు. మధ్యాహ్నం డింప్నాని పిలిచారు. స్కలీ ఆమె యోగ్యతాపత్రం చేతికెత్తి చూపించాడు.

"జిల్లాలో మొదటి స్థానం! మిస్ క్వేడ్, మేం లాయర్లం, మాకు ఇంగ్లీషు సరిగా రాదు. ఈ వాక్యం సంగతేమిటో మీరే మాకు పాఠం చెప్పండి."

కాగితం అడిగి, మూడు రకాలుగా రాసింది. హైఫన్ లేకుండా, రెండు హైఫన్లతో, ఒక్క హైఫన్‌తో. ఏది పెడితే ఏ అర్థమో చెప్పింది. జడ్జి ముందుకి వంగి విన్నాడు. విలేకరులు రాసుకున్నారు. ముందు వరసలో ఊళ్లో పెద్దమనుషులు, ఆమె ఎదురైతే తల కూడా తిప్పనివాళ్లు, నోరు తెరుచుకుని వింటున్నారు. ఆ వేళ దాకా ఆమె చెప్పేది ఎవరూ అంతసేపు వినలేదు. చెప్పేకొద్దీ హాయిగా అనిపించింది. హానా బ్రోఫీ కోర్టులో ఉన్న సంగతి ఆ కాసేపు ఆమెకి నిజంగానే గుర్తు లేదు.

టైరెల్ లేచాడు. తెలివైనవాడే. "నాలుగు పేజీల వీలునామాలో ఒక్క కామా లేదు, ఒక్క ఫుల్‌స్టాప్ లేదు. ఈ ఒక్క హైఫన్ ఎక్కణ్ణుంచి ఊడిపడింది మిస్ క్వేడ్?"

ఆమె బయటపడవలసిన చోటు ఏదైనా ఉందంటే అదే. ఒక్కసారి తడబడి ఉంటే చాలు. కాన్సిడైన్ మొహం పాలిపోయింది. డింప్నా మాత్రం తడబడలేదు. అంత మంచి ప్రశ్న ఆమెనెవరూ ఎప్పుడూ అడగలేదు.

"మిగతా చోట్ల గుర్తులు లేకపోయినా అర్థం మారదండి. ఇక్కడ మారుతుంది. అవసరమున్న చోట పెట్టాలి, లేని చోట పెట్టకూడదు. హైఫన్ సంగతంతా ఇంతేనండి."

"మన బారిస్టర్లని కూడా ఈ యోగ్యతాపత్రం ఇచ్చిన సిస్టర్ దగ్గరికే చదువుకి పంపించి ఉండాల్సింది," అన్నాడు జడ్జి. కోర్టంతా నవ్వింది, ఈసారి ఆమెని చూసి కాదు, ఆమెతో కలిసి.

టైరెల్ చెవులు ఎర్రబడ్డాయి. "రెండు కొట్టబోయి, పొరపాటున ఒకటే కొట్టి ఉండొచ్చు కదా?"

"నా చేతిలో హైఫన్ తప్పిపోదండి. పదకొండేళ్లలో నేను టైపు చేసినవన్నీ తెప్పించి చూసుకోండి. ఒక్కటి చూపించండి."

ఒక్కటి కూడా చూపించలేకపోయాడు. ఇలాంటి నిపుణురాలు రెండు హైఫన్లకు బదులు ఒకటి పెట్టిందంటే అది చనిపోయినాయన ఉద్దేశమే అయి ఉండాలని జడ్జి తీర్పు చెప్పాడు. ఏడాది పిల్లలు రెండూ హానావి. వారంలో ఇల్లు ఖాళీ చెయ్యాలి.

వారం తిరిగేసరికి, సంత లేని ఒక మంగళవారం, వీధిలో జనం తలుపుల దగ్గర నిలబడి చూస్తున్నారు. అరవై మూడేళ్ల హానా బ్రోఫీ, చంకలో బట్టల మూటతో, రెండు చేతుల్లో రెండు తాళ్లు పట్టుకుని నడిరోడ్డు మీద వస్తోంది. ఆ గుర్రప్పిల్లలకు తాడు అలవాటు లేదు. ఒకటి ముందుకి లాగుతుంటే, వంకరకాళ్లది వెనక్కి తన్నుకుంటోంది. ఆవిడ మధ్యలో ఇటూ అటూ చీలిపోతున్నట్టు నడుస్తోంది. "హానా, పందెంలో పెడతావా వాటిని?" అని ఎవరో అరిచారు. "వాటి మీద నువ్వే కూర్చోవాలి జాకీవై!" అన్నాడు ఇంకొకడు. డింప్నా ఆఫీసు కిటికీలోంచి చూసింది.

"కిటికీ వెయ్యి మిస్ క్వేడ్," అన్నాడు కాన్సిడైన్ లోపల్నుంచి. "పేడ కంపు."

వేసింది.

ఎకరం నేల లేని మనిషికి రెండు గుర్రాలు. హానా వాటిని దారి పక్కల గడ్డిలో మేపుతూ, ఒక పశువుల కొట్టంలో వాటితోపాటే పడుకుంటూ చలికాలం సగం గడిపింది. వంకరకాళ్లది రైలుకట్ట దగ్గర పడి కాలు విరగ్గొట్టుకుంటే పోలీసు వచ్చి కాల్చేశాడు. రెండోదాన్ని ఫిబ్రవరి సంతలో ఎవడో బండి లాగడానికి కొనుక్కుపోయాడు. ఆ డబ్బు వేసవి దాకా కూడా రాలేదు. ఆ తర్వాత హానాని జిల్లా బీదల ఆశ్రమంలో చేర్చారు.

డింప్నా ఉద్యోగం అంతకంటే ముందే పోయింది. క్రిస్మస్‌కి ఫిన్‌బార్ ఆమెకి ఒక పంది తొడ కానుకగా పంపాడు, "మీ నాన్నగారి వ్యాపారానికి గౌరవంగా" అని చీటీ పెట్టి. జనవరిలో కాన్సిడైన్ పిలిచి లెక్క చూసుకుని వెళ్లిపొమ్మన్నాడు.

"నేనేం తప్పు చేశాను సర్?"

"ఏమీ చెయ్యలేదు. చాలా బాగా చేశావు. అంత బాగా అబద్ధం చెప్పే మనిషి నా కాగితాల దగ్గరుంటే నాకు నిద్ర పట్టదు. నా కోసం చెప్పినదానివి రేపు ఇంకొకడి కోసం చెబుతావు."

ఆయన నిజంగానే ఆమెకి ఒక్క ముక్క రాసివ్వలేదు. విత్తనాల షాపులో కవర్ల మీద చిరునామాలు రాసే పని దొరికింది. చేత్తో రాయడమే, మిషను లేదు.

చేసిన పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనానికి వెళితే ఊరి చర్చి గురువు తెర వెనక నుంచి అంతా విని, "ఆ ఆస్తి ఆవిడకి తిరిగి వచ్చేలా చెయ్యనంతకాలం నీకు క్షమాపణ లేదు," అన్నాడు. ఆస్తి తిరిగి రావాలంటే ఆమె జైలుకి వెళ్లాలి. వెళ్లలేకపోయింది. అందుకని ప్రతి ఆదివారం పూజలో అందరూ లేచి గురువు పంచే దివ్యసత్ప్రసాదానికి వెళుతుంటే, క్షమాపణ లేనివాళ్లు అది తీసుకోకూడదు కాబట్టి డింప్నా ఒక్కతే బల్ల దగ్గర మోకరించి ఉండిపోయేది. ఊరు అది చూడకుండా ఉంటుందా? ఏ పాపం చేస్తే ఒక ఒంటరి ఆడది వరసగా ఏళ్ల తరబడి సత్ప్రసాదం తీసుకోదు? ఊరికి ఒక్కటే తట్టింది. పదకొండేళ్లు కాన్సిడైన్ దగ్గర పనిచేసి, ఉన్నట్టుండి మానేసింది కదా.

"అటూ ఇటూ లేని హైఫన్ అనుకున్నాం," అనేవాళ్లు చర్చి మెట్ల మీద, ఆమెకి వినపడేలా. "ఒకపక్క ఉన్నాడన్న మాట!"

కాన్సిడైన్‌ని ఎవరూ ఏమీ అనలేదు. ఆయన ప్రతి ఆదివారం ముందు వరసలో సత్ప్రసాదం తీసుకునేవాడు.

ఆరేళ్లు అలా గడిచాయి. 1961లో ధ్యానకూటాలు పెట్టడానికి వేరే ఊరి నుంచి ఒక గురువు వచ్చాడు. ఆయన ఆమె చెప్పింది విని, "కనీసం వెళ్లి ఆవిడ మొహం మీద చెప్పు," అన్నాడు. ఆ ఆదివారం డింప్నా ఎండుద్రాక్ష రొట్టె ఒకటి కొనుక్కుని, బస్సెక్కి ఆశ్రమానికి వెళ్లింది.

హానా పొడుగాటి వార్డులో చివరి మంచం మీద కూర్చుని మట్టి పైపు కాలుస్తోంది. రెండు కాళ్లూ నీరు పట్టి ఉన్నాయి. డింప్నా నిలబడే మొత్తం చెప్పింది. అంతా అయ్యాక హానా పైపు నోట్లోంచి తీసింది.

"ఆ రోజు కోర్టులో హైఫన్ హైఫన్ అని గోల పెట్టారే, అదేమిటో నాకిప్పటికీ తెలీదు. ఎలా ఉంటుందో చూపించు."

డింప్నా సంచిలోంచి ఒక కవరు తీసి, దాని వెనక ఆ వాక్యం రెండు సార్లు రాసింది, ముసలాయన సంతకం పెట్టినప్పుడు ఉన్నట్టు ఒకసారి, తన చేత్తో మార్చాక ఉన్నట్టు ఒకసారి. గీత కింద వేలు పెట్టి చూపించింది. హానా కాగితాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది.

"ఇదా? ఈగ రెట్టంత లేదు."

"క్షమించమని అడగడానికి వచ్చానమ్మా."

"అది నాకు తెలుస్తూనే ఉంది. నీ పేరు రాయి దాని కింద. ఏం చేశావో కూడా రాయి. నాకు చదువు రాదులే, చదివేవాళ్లున్నారు."

డింప్నా రాసి సంతకం పెట్టింది. హానా కవరు మడిచి రవిక లోపల పెట్టుకుంది.

"క్షమించానంటే నువ్వు బస్సెక్కి పోతావు, రాత్రికి హాయిగా నిద్రపోతావు. క్షమించను. పోలీసులకీ ఇవ్వను. ఇస్తే జైల్లో పెడతారు, నువ్వు నాలుగు రోజులు ఏడ్చి బాకీ తీరిందనుకుంటావు. ప్రతి ఆదివారం రా. ఒక్క ఆదివారం రాకపోయావో, ఇది సోమవారం ఠాణాలో ఉంటుంది. వచ్చేటప్పుడు పొగాకు తీసుకురా, ఈ రొట్టె నా పళ్లకి లొంగదు."

అలా ఆరేళ్లు. ఆదివారం పూజ అయ్యీ కాగానే డింప్నా బస్సెక్కేది. నీరు పట్టిన కాళ్లు కడిగేది, గోళ్లు తీసేది, మురికి పాత్ర ఎత్తేది. హానా వార్డంతటికీ వినపడేలా, "గట్టిగా తోము పిల్లా, ఇవి గుర్రం కాళ్లు కాదు సుకుమారంగా పట్టుకోవడానికి," అనేది. మిగతా ముసలమ్మలు కిసుక్కుమనేవాళ్లు. వెళ్లేముందు హానా రవిక మీద చేత్తో తట్టి చూపించేది, కాగితం భద్రంగా ఉందని. ఒకసారి జ్వరం నూట మూడు డిగ్రీలున్నా డింప్నా వెళ్లింది. ఇంకోసారి మంచు పడి బస్సులు ఆగిపోతే తొమ్మిది మైళ్లు నడిచి వెళ్లింది. హానా గడియారం చూసి, "ఆలస్యమైంది," అంది, అంతే.

1967 మార్చిలో ఒక ఆదివారం డింప్నా వెళ్లేసరికి చివరి మంచం ఖాళీగా ఉంది. పరుపు మడిచి ఉంది. హానా శుక్రవారమే పోయింది. ఆశ్రమం వాళ్లే తీసుకెళ్లి పూడ్చేశారు. డింప్నా పరుపు కింద చెయ్యి పెట్టి వెతికింది. సొరుగు లాగి చూసింది. మంచం కింద మోకాళ్ల మీద కూర్చుని చూసింది.

"ఏం పోగొట్టుకున్నావే?" అంది పక్క మంచం కిటీ డెలానీ.

"ఒక కాగితం. ఆవిడ రవికలో పెట్టుకునేది. కవరు."

"ఓ, అదా! నువ్వు మొట్టమొదట వచ్చావే, ఆ సాయంత్రమే దాన్ని పొయ్యిలో అంటించి పైపు వెలిగించుకుంది. అగ్గిపుల్లలు అయిపోయాయిలే ఆ వేళ."

"మరి ప్రతి ఆదివారం తట్టి చూపించేది..."

"తట్టేది. అక్కడ ఉన్నది జపమాల." కిటీకి పళ్లు లేవు, నవ్వితే నోరంతా నల్లగా కనిపించింది. "నువ్వటు గుమ్మం దాటగానే మేమంతా ఎంత నవ్వుకునేవాళ్లమో తెలుసా! ఆదివారం కోసం ఎదురుచూసేవాళ్లం తల్లీ. ఆ మంచు రోజైతే పందాలు కూడా కాశాం, వస్తావా రావా అని."

డింప్నా మడిచిన పరుపు పక్కన కూర్చుంది. చేతిలో పొగాకు డబ్బా ఇంకా అలాగే ఉంది. కిటీ దాని వంక చూసి చెయ్యి చాపింది.

"అది ఇటివ్వు. హానాకి ఇంకెందుకు?"

డింప్నా ఇచ్చింది. బస్సు అయిదింటికి. అప్పటికింకా రెండున్నర కూడా కాలేదు. కిటీ పైపు నింపుకుంటూ, వచ్చే ఆదివారం ఇంకాస్త ఘాటు రకం తెమ్మని చెప్పింది.